కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’: రెండోసారి చదివాక

కొండపల్లి సీతారామయ్య పేరు వినని తెలుగు పాఠకులు తక్కువ. 1980లో పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించిన ఆ నాయకుని గురించి తెలుసుకోవాలన్న ఉద్దేశంతోనే నేనూ కొన్నేళ్ల కిందట ఆయన భార్య రాసిన ‘నిర్జన వారధి’ని కొన్నాను. సగం పుస్తకం చదివేసరికి ఆయన సంగతి వెనక్కిపోయింది. ఊహ తెలియని వయసులో పెళ్లి చేస్తే, ఆ పెళ్లేమిటో తెలిసేలోపే వితంతువైన ఒక పామర్రు పిల్ల మాత్రం అప్పటినుంచీ నా మనసులో ఉండిపోయింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ప్రచురించిన ఈ ఆత్మకథను ఇటీవల మళ్లీ చదివాను.

కోటేశ్వరమ్మ 1918లో పుట్టారు. వితంతువుకు మళ్లీ పెళ్లి అంటే ఊరు ఊరంతా వేలెత్తి చూపే రోజుల్లో సీతారామయ్యను పెళ్లాడి, ఆయనతో పాటు కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. సభల్లో పాటలు పాడారు, ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చేశారు, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతవాసానికి వెళ్లి రహస్య స్థావరాల్లో గడిపారు. అంత నడిచాక ఆయన ఆమెను విడిచి వెళ్లిపోయారు. ఈ ఘట్టాన్ని ఆమె రాసిన తీరే ఈ పుస్తకానికి ప్రాణమని నా అభిప్రాయం. ఆమె దూషణకు దిగరు, అలాగని క్షమించేశానని చెప్పి పాఠకుల మెప్పు పొందాలనీ చూడరు. జరిగినది జరిగినట్టు, పెరట్లో కూర్చుని ఇంటి మనిషితో చెప్పుకున్నంత మామూలు మాటల్లో చెప్పి, అక్కడితో ఆపేస్తారు. ఆ ఆపేసిన చోట నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకోవలసి వచ్చింది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం ఆ తరువాతి జీవితం. ముప్పై అయిదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకు కూర్చున్నారు. చదువుకుంటూనే రేడియోకు రాసి నాలుగు రూపాయలు సంపాదించుకున్నారు. తరువాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టలుకు మేట్రన్‌గా పనిచేశారు. హాస్టలు మేట్రన్ ఉద్యోగం ఎటువంటిదో హాస్టల్లో ఉండి చదువుకున్న నాకు కొంత తెలుసు. తెల్లవారకముందే వంటశాల తాళం తీయించడం దగ్గరనుంచి, రాత్రి జ్వరంతో మూలుగుతున్న పిల్ల నుదుటిమీద తడిగుడ్డ వేయడం దాకా అన్నీ ఆమె మీదే పడతాయి. ఉద్యమ చరిత్రలు రాసేవారు ఇటువంటి బతుకును ఒక్క వాక్యంలో దాటించేస్తారు. కోటేశ్వరమ్మ దాటించలేదు. తన జీతం మీద తాను నిలబడిన సంగతిని అజ్ఞాతవాసానికి ఇచ్చినంత గౌరవంతోనే చెప్పారు, అది న్యాయం కూడా.

నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్లిన కొడుకు తిరిగి రాలేదు. అల్లుడు వడదెబ్బకు చనిపోయాడు. ఆ దుఃఖం తట్టుకోలేక కూతురు ప్రాణం తీసుకుంది. ఈ పేజీల గురించి నేను ఎక్కువ చెప్పను, చదవవలసిందే.

ఆమె రాసినది ఈ ఒక్క పుస్తకమే అనుకునేవారు చాలామంది ఉన్నారు. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘అశ్రు సమీక్షణం’, ‘సంఘమిత్ర కథలు’ కూడా ఆమెవే. పాట కట్టి పాడిన మనిషి కాబట్టే వచనంలో కూడా ఆమె వాక్యం ఊపిరి అందినంత మేరకే సాగుతుందని, ఎక్కడా అనవసరంగా బరువెక్కదని నాకనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. జ్ఞాపకం ఎటు లాగితే కథ అటు వెళ్లడం వల్ల, ఏ సంఘటన ఏ ఏట జరిగిందో కొన్నిచోట్ల వెంటనే తేలదు. 1948 నాటి నిర్బంధం, 1964లో పార్టీ చీలిక వంటివి ముందే తెలిసినవారికి ఇబ్బంది లేదు గానీ, ఈ తరం పాఠకులు మాత్రం పక్కన ఒక కాలక్రమ పట్టిక ఉంటే బాగుండునని తప్పక అనుకుంటారు. తొంభయ్యేళ్లు దాటిన వయసులో పుస్తకం వెలువరించిన మనిషిని తేదీల కోసం నిలదీయడం నాకు ఇష్టం లేదు. ఆ పని సంపాదకులు చేసిపెట్టవలసినది. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లకు ఒక మాట: దీని ఆంగ్లానువాదాన్ని 2015లో జుబాన్ సంస్థ ప్రచురించింది.

2018 ఆగస్టులో విశాఖపట్నంలో ఆత్మీయుల నడుమ నూరో పుట్టినరోజు జరుపుకుని, మరుసటి నెల 19న ఆమె కన్నుమూశారు. నేను మొదట కొన్న ప్రతిని హాస్టల్లో ఉంటున్న మా అక్క కూతురు తీసుకెళ్లింది. అక్కడ ఒక గదినుంచి ఇంకో గదికి తిరుగుతోందని చెప్పింది. తిరిగి ఇమ్మని అడగలేదు, నాకోసం ఇంకొకటి కొనుక్కున్నాను.