పిల్లలపై లైంగిక దాడి కేసుల్లో పరిహారం: పెద్దల రాజీయా, ప్రత్యేక కోర్టా, సివిల్ దావాయా?

పసిపిల్ల మీద లైంగిక దాడి జరిగిందని ఊళ్లో పొక్కగానే పెద్దమనుషులు ఇంటికి వస్తారు. "ఆడపిల్ల బతుకు, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్లెలా అవుతుంది" అని మొదలుపెట్టి, అవతలివాళ్లు ఇంత ఇస్తామంటున్నారన్న మాటతో ముగిస్తారు. ఆ సొమ్మునూ నష్టపరిహారమనే పిలుస్తున్నారు కాబట్టి, చట్టం చూపే దారుల పక్కన దాన్నీ పెట్టి చూడాలి.

రాజీలో డబ్బు త్వరగా అందుతుందన్నది నిజమే. అయితే అది బిడ్డ నోరు మూయించడానికి కట్టే వెల. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే చట్టమైన పోక్సో కింది నేరాలకు రాజీ లేదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై నమోదైన కేసును, బాలిక తండ్రితో కుదిరిన రాజీని చూసి హైకోర్టు కొట్టివేయగా, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పైగా, నేరం సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో 21వ సెక్షన్ కింద శిక్షార్హం. కనుక దీన్ని దారిగా లెక్కించడానికే వీల్లేదు.

ఇక పోక్సో కేసులను విచారించే ప్రత్యేక కోర్టు. 2020 నాటి పోక్సో నిబంధనల ప్రకారం ఎఫ్ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా కోర్టు మధ్యంతర పరిహారం, అంటే కేసు తేలేలోపే ఇచ్చే సొమ్ము, మంజూరు చేయవచ్చు. నిందితుడికి శిక్ష పడనక్కర్లేదు. అతను నిర్దోషిగా విడుదలైనా, అసలు ఎవరో తేలకపోయినా, బిడ్డకు నష్టం జరిగిందని కోర్టు భావిస్తే చాలు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. తిండి, బట్టలు, దారి ఖర్చుల వంటి తక్షణ అవసరాలకైతే బాలల సంక్షేమ సమితి సిఫార్సు చేసిన వారంలోపే సాయం అందాలి. 2018 నాటి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షల రూపాయలు నిర్ణయించి, బాధితురాలు మైనరైతే దానికి 50 శాతం అదనంగా చేర్చారు. ఆ పథకం పేరులో మహిళలనే ఉన్నా, ఆ మార్గదర్శకాలు పిల్లలందరికీ వర్తిస్తాయని సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది. మగపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఇంత ఉన్నా, అడిగేవారు లేకనే చాలా ఇళ్లకు ఈ సొమ్ము చేరడం లేదు. వాయిదా రోజున కూలి పోగొట్టుకుని, ప్లాస్టిక్ కవరులో ఎఫ్ఐఆర్ నకలు, ఆస్పత్రి చీటీలు, పాస్‌బుక్ జిరాక్సు పెట్టుకుని కోర్టు వరండాలో కూర్చునే తల్లి, ఆ కవరులోనే బడి హాజరు వివరాల నకలు కూడా ఉంచుకోవాలి. దర్యాప్తుకూ విచారణకూ తిరగడంతో పోయిన బడి రోజులను కూడా పరిహారం నిర్ణయించేటప్పుడు కోర్టు లెక్కలోకి తీసుకోవాలని నిబంధనే చెబుతోంది. దరఖాస్తు రాసిపెట్టడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. పిల్లలకూ మహిళలకూ ఆదాయ పరిమితి లేదు.

సివిల్ దావాకు ఉన్న బలం వేరు. అందులో పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు, రుజువు భారం క్రిమినల్ కేసులో కంటే తక్కువ, నిర్లక్ష్యం చేసిన హాస్టల్ లేదా బడి యాజమాన్యాన్నీ బాధ్యుల్ని చేయవచ్చు. కానీ కోర్టు ఫీజు ఉంటుంది, ఏళ్లు పడుతుంది, డిక్రీ, అంటే సొమ్ము కట్టాలన్న కోర్టు ఉత్తర్వు, వచ్చాక అవతలివాడి పేర ఆస్తి లేకపోతే ఆ కాగితమే మిగులుతుంది. ప్రత్యేక కోర్టులో నిందితుడు కంటపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఇక్కడ దానంతటది రాదు. అందుకే, ఆస్తిపాస్తులున్న సంస్థ తప్పు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మాత్రమే, అదీ ప్రత్యేక కోర్టు పరిహారానికి తోడుగా, ఈ దారి పట్టాలన్నది నా అభిప్రాయం.

చిన్నప్పుడు జరిగినదాన్ని పెద్దయ్యాక చెప్పుకునేవారికి కాలపరిమితే అసలు చిక్కు. 18 ఏళ్లు నిండాక సివిల్ దావాకు గరిష్ఠంగా మూడేళ్లే గడువు, అంటే 21 ఏళ్లు నిండేలోపు వేయాలి. పోలీసు ఫిర్యాదుకు మాత్రం ఆ అడ్డు లేదని, పోక్సో నేరాన్ని ఏ వయసులోనైనా చెప్పవచ్చని కేంద్రం 2018లో స్పష్టం చేసింది. నేరం పోక్సో అమల్లోకి వచ్చిన 2012 నవంబరు 14కు ముందుదైతే అప్పటి భారతీయ శిక్షాస్మృతే వర్తిస్తుంది. ఎటు వెళ్లాలో తోచనివారు ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బాధపడుతున్నది ఇప్పటికీ పిల్లలైతే పిల్లల సహాయ నంబరు 1098.