మెలనోమాకు రెండు ఇమ్యునోథెరపీలు: ఇపిలిముమాబ్, నివోలుమాబ్

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరినప్పుడు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలకు పడిన పగ్గాలను సడలించే మందులలో 2011లో అమెరికాలో అనుమతి పొందిన ఇపిలిముమాబ్ మొదటిది. ఇది సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్‌ను అడ్డుకుని, ప్రధానంగా లింఫ్ గ్రంథులలో టి కణాలు ఉత్తేజితమయ్యే తొలిదశలోనే పనిచేస్తుంది. 2014లో వచ్చిన నివోలుమాబ్ పీడీ-1 అనే మరో ప్రోటీన్‌ను అడ్డుకుని, కణితి వద్దకు చేరి నీరసించిన టి కణాలను మళ్లీ పోరుకు దించుతుంది.

దుష్ప్రభావాలలోనూ తేడా ఉంది. ఇపిలిముమాబ్‌తో పెద్దపేగు వాపు, పిట్యూటరీ గ్రంథి వాపు ఎక్కువ. నివోలుమాబ్‌తో థైరాయిడ్ సమస్యలు ఎక్కువ. విరేచనాలు మొదలైతే, తిన్నది పడలేదేమో అనుకుని ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని ఊరుకోకుండా వెంటనే వైద్యునికి తెలపాలి, ఎందుకంటే అది పేగుపై రోగనిరోధక వ్యవస్థ చేస్తున్న దాడి కావచ్చు, దానికి స్టెరాయిడ్లు అవసరం కావచ్చు.

ఫలితాలలో మాత్రం పోటీ సమానంగా లేదు. ఈ మందులను రోగులపై పోల్చి చూసిన చెక్‌మేట్ 067 అనే క్లినికల్ పరీక్షలో పదేళ్ల మనుగడ ఇపిలిముమాబ్‌తో 19 శాతం, నివోలుమాబ్‌తో 37 శాతం, రెండూ కలిపి ఇచ్చినప్పుడు 43 శాతం. ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నివోలుమాబ్‌దే పైచేయి అని నా అభిప్రాయం. కలిపి ఇస్తే సగానికి పైగా రోగులలో తీవ్ర దుష్ప్రభావాలు కనిపించాయి గనుక, ఆ మార్గాన్ని వ్యాధి మెదడుకు పాకిన సందర్భాలలో, శరీరం తట్టుకోగలిగినవారికి ముఖ్యంగా పరిశీలిస్తారు.