కమ్యూనిటీ కాలేజీయా, కన్సల్టెన్సీ ట్రైనింగా, మాస్టర్సా? పిల్లలున్న ఇంట్లో ఏది మేలు?

కమ్యూనిటీ కాలేజీలో చేరానని ఫోన్లో చెప్తే మా అత్తగారు మొదట అడిగిన మాట, "ఏ కమ్యూనిటీ వాళ్ళదమ్మా?" అని. నవ్వొచ్చింది కానీ అందులో ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర కమ్యూనిటీ అంటే తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే సర్టిఫికెట్టే గుర్తొస్తుంది. ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ అంటే ఆ ఊరూ, చుట్టుపక్కల జనమూ. వాళ్ళ పన్నుల డబ్బుతో నడిచే రెండేళ్ళ కాలేజీ ఇది. 1901లో ఇల్లినాయ్‌ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైనదాన్ని వీటిలో మొదటిదిగా చెప్తారు. ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రతిచోటా ఒకటుంది. ప్లేనో, ఫ్రిస్కో వైపు కాలిన్ కాలేజీ, ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్, ఫ్రీమాంట్‌లో ఓలోని, కూపర్టినోలో డి ఆంజా, వర్జీనియాలో నోవా. భర్త అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో కూడా జిల్ బైడెన్ ఇంగ్లీషు పాఠాలు చెప్పింది ఆ నోవాలోనే.

మా డల్లాస్ వైపు ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఒక మూల ఈ చర్చ నడుస్తూనే ఉంటుంది. చిన్నది కిండర్‌గార్టెన్‌కి వెళ్ళింది, వయసు 35 దాటింది, చేతిలో ఎంకామో బీఎస్సీయో బీటెక్కో ఉంది, పదేళ్ళ గ్యాపూ ఉంది. ఇప్పుడేం చేయాలి? కన్సల్టెన్సీలో ట్రైనింగ్ తీసుకుని ఐటీలోకి దూకడమా, యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడమా, కమ్యూనిటీ కాలేజీలో కొత్త పని నేర్చుకోవడమా? నేను మొదటిది చేసి మానేశాను, రెండోదాని గడప దాకా వెళ్ళొచ్చాను, మూడోదాంట్లో ఉన్నాను. కాబట్టి నా మాటల్లో మొగ్గు కనపడితే కనపడనివ్వండి.

ముందు వీసా కాగితం

ఏది మేలు అని అడిగేవాళ్ళని నేను ముందు అడిగేది ఒక్కటే. ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కార్డు, ఉందా? హెచ్4 (హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద చదువుకోవడానికి అడ్డేం లేదు. ఒక్క కోర్సు తీసుకోవచ్చు, ఫుల్‌టైమ్ చదవొచ్చు, స్టేటస్ మార్చక్కర్లేదు. పని చేయడానికే ఈఏడీ కావాలి. 2015లో వచ్చిన రూలు ప్రకారం హెచ్1 మీద ఉన్నవాళ్ళకి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయితేనో, ఆరేళ్ళు దాటాక హెచ్1 పొడిగింపు వస్తేనో వాళ్ళ భార్యకో భర్తకో ఇది వస్తుంది. ఇంటాయనది హెచ్4, ఇంటావిడది హెచ్1 అయినా లెక్క ఇదే.

హెచ్4లో చదివితే ఓపీటీ, అంటే చదువుకి సంబంధించిన ఉద్యోగం కొన్నాళ్ళు చేసుకునే అనుమతి, ఉండదు. అంటే ఈఏడీ లేకుండా డిగ్రీ పూర్తిచేస్తే పట్టా గోడకి తగిలించుకోవాలి, అంతే. ఓపీటీ కావాలంటే ఎఫ్1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మారాలి. మారితే సెమిస్టర్‌కి ఫుల్ లోడ్ తీసుకోవాల్సిందే. డిగ్రీ స్థాయిలో అది 12 క్రెడిట్లు. పిల్లాడికి జ్వరం వచ్చిందని ఈ సెమిస్టర్ ఒక్క సబ్జెక్టుతో సరిపెట్టుకుందాం అంటే కుదరదు. పైగా చదువయ్యాక వెళ్ళిపోతాం అన్న ఉద్దేశం మీద ఇచ్చే వీసా అది. ఇంట్లో గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుంటే మారేముందు లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు.

ఈఏడీ ఉన్నవాళ్ళకీ పూర్తి నిశ్చింత లేదు. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్‌కి పెట్టినవాళ్ళకి పాత కార్డు గడువు దానంతటదే పెరిగే వెసులుబాటు తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగంలో ఖాళీ వస్తుంది. మధ్యలో కొన్ని నెలలు ఆగినా మళ్ళీ అందుకోగలిగే పని ఏదో చూసుకోవాల్సిన అవసరం అందుకే పెరిగింది.

అమీర్‌పేట రాత్రుళ్ళు

కన్సల్టెన్సీ ట్రైనింగ్ గురించి తెలియని తెలుగిల్లు ఇక్కడ ఉండదేమో. అక్కడ హైదరాబాద్‌లో తెల్లవారుతుంటే ఇక్కడ రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో క్లాసు. టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్, స్క్రమ్ మాస్టర్, సేల్స్‌ఫోర్స్, ఏ సీజన్‌కి ఏది నడిస్తే అది. రెండు మూడు నెలల్లో అయిపోతుంది, ఖర్చు తక్కువ, చెప్పేది తెలుగులోనే. పెళ్ళికి ముందు నిజంగా ఐటీలో చేసినవాళ్ళకి ఇది బాగానే పనికొస్తుంది. మర్చిపోయింది గుర్తొస్తుంది, కొత్త టూల్ ఒకటి చేతికొస్తుంది. వాళ్ళకి రెండేళ్ళ కాలేజీ చదువు అనవసరం అని నేనే చెప్తాను.

చిక్కు రెజ్యూమె దగ్గర వస్తుంది. నాకు పది వారాల టెస్టింగ్ క్లాసు అయ్యాక వాళ్ళు తయారుచేసిన రెజ్యూమె మెయిల్లో వచ్చింది. ఏడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్. నేను ఒంగోలులో డిగ్రీ పిల్లలకి అకౌంట్స్ చెప్పిన ఏడాదే ఒహాయోలో ఏదో బీమా కంపెనీలో టెస్ట్ కేసులు రాశానట! మా ఆయన చదివి, "నువ్వు నాకన్నా ముందే అమెరికా వచ్చావన్నమాట" అన్నాడు. మాక్ ఇంటర్వ్యూలో ఆ ఒహాయో కథ చెప్తుంటే గొంతు తడారిపోయింది. కట్టిన డబ్బులు వదిలేసుకున్నాను.

నీతులు చెప్పాలని కాదు. లెక్క చూసినా నిలబడదు. ఉద్యోగం వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరకొచ్చు. దొరక్కపోతే మొదటి రోజు నుంచే ఏడేళ్ళ పనిమంతురాలిలా నటించాలి. రాత్రి ఎవరో అటువైపు నుంచి పని చేసిపెడితే పొద్దున మీటింగ్‌లో చెప్పాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఆ టెన్షన్ ఎన్నాళ్ళు మోస్తాం? మార్కెట్ పడినప్పుడు ముందు ప్రాజెక్టు పోయి బెంచ్ మీదికొచ్చేది కూడా ఇలా చేరినవాళ్ళే.

మాస్టర్స్

దీని గురించి ఎక్కువ చెప్పను, తెలిసిందే. 30 నుంచి 36 క్రెడిట్లు, వేలు కాదు, పదుల వేల డాలర్ల లెక్క. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) సబ్జెక్టు అయి ఎఫ్1లో ఉంటే ఓపీటీ మొత్తం 36 నెలలు వస్తుంది. ఈఏడీ ఆశ దగ్గర్లో లేని బీటెక్ అమ్మాయికి, ఇంట్లో పిల్లల్ని చూసే మనిషి ఉంటే, ఇదే సరైన దారి. నా దగ్గర ఆగిపోయింది ఎక్కడంటే, నేను అడిగిన యూనివర్సిటీలో వారానికి మూడు సాయంత్రాలు క్యాంపస్‌కి రావాలన్నారు. సాయంత్రం ఆరింటికి ఇంట్లో తల్లి లేకపోతే ఏమవుతుందో రాయక్కర్లేదు. మూడేళ్ళ డిగ్రీ వాళ్ళని కొన్ని యూనివర్సిటీలు అసలు తీసుకోవు కూడా. నాకు ఎంకామ్ ఉంది కాబట్టి ఆ బాధ తప్పింది.

కమ్యూనిటీ కాలేజీలో అసలు సంగతి

అందరూ ఫీజు తక్కువ అంటారు. నిజమే. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల కోర్సుకి 138. నివాసి అనిపించుకోవాలంటే ఏడాదికి పైన అక్కడ ఉన్నట్టు చూపించాలి. హెచ్4 వాళ్ళకీ ఆ దారి ఉంది. మా టెక్సస్‌లో ఏడాది ఉండటంతో పాటు కాలేజీ జిల్లా లోపల ఇల్లుంటే ఇంకా తగ్గుతుంది. రోడ్డుకి ఇటు ఉన్నవాళ్ళకి ఒక ఫీజు, అటు పక్క కౌంటీవాళ్ళకి ఒక ఫీజు. మెనింజైటిస్ టీకా కాగితం అడుగుతారని భయపడ్డాను. అది 22 ఏళ్ళ లోపు వాళ్ళకేనట. వయసు పెరిగినందుకు నాకు దొరికిన మొదటి లాభం.

కానీ నన్ను నిలబెట్టింది ఫీజు కాదు. ఒక్క కోర్సు తీసుకోవచ్చు. ఒక సెమిస్టర్ మానేసి ఇండియా వెళ్ళి మరిది పెళ్ళి చూసుకుని మళ్ళీ వచ్చి చేరొచ్చు. ఎవరూ ఏమీ అనరు. మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఎంతమంది ఉద్యోగస్తులకి, గృహిణులకి డిగ్రీ ఇచ్చిందో తెలిసినవాళ్ళకి ఈ సదుపాయం విలువ చెప్పక్కర్లేదు. తేడా ఏంటంటే ఇక్కడ వారం వారం పని ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సు అంటే తీరిగ్గా చూసుకోవచ్చు అనుకుంటే మునిగినట్టే. బుధవారం లోపు చర్చలో మన పోస్టు పెట్టాలి, ఆదివారం అర్ధరాత్రి లోపు ఇద్దరు క్లాస్‌మేట్లకి జవాబు రాయాలి. నేను ఎన్ని జవాబులు మా పెద్దమ్మాయి స్విమ్మింగ్ క్లాసు పార్కింగ్ లాటులో ఫోన్లో కొట్టానో. గ్రూప్ ప్రాజెక్టులో 19 ఏళ్ళ కుర్రాళ్ళు రాత్రి పదకొండుకి మీటింగ్ పెడదామంటారు. నేను పొద్దున ఐదుకి పెడదామంటాను. మధ్యలో ఎక్కడో కలుస్తాం.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. సమ్మర్‌లో ఇంటర్మీడియట్ అకౌంటింగ్ తీసుకున్నాను. 16 వారాల పాఠం కొన్ని వారాల్లో కుక్కుతారు, పిల్లలకి బడి సెలవులు, ఇంటినిండా చుట్టాలు. మూడో వారానికి డ్రాప్ చేశాను, ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (మధ్యలో మానేసిందన్న గుర్తు) పడింది. సెమిస్టర్ మొదట్లోనే ఒక తేదీ ఉంటుంది, దాని లోపు మానేస్తే ఆ మచ్చ కూడా పడదు. చేరిన రోజే ఆ తేదీ ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

ఏం చదవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బీటెక్ ఉన్నవాళ్ళు ఇక్కడ మళ్ళీ కంప్యూటర్ సైన్స్ అసోసియేట్ డిగ్రీ చేస్తే ఒరిగేది తక్కువ. చివర లైసెన్సో, ఊళ్ళో పనిచ్చేవాళ్ళు గుర్తుపట్టే సర్టిఫికెట్టో ఉన్న కోర్సులకే ఈ కాలేజీ బలం. నర్సింగ్, డెంటల్ హైజీన్, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ టెక్నీషియన్, చిన్నపిల్లల బడి టీచర్, అకౌంటింగ్. రెండేళ్ళ నర్సింగ్ చేసినవాళ్ళూ నాలుగేళ్ళు చదివినవాళ్ళూ రాసేది ఒకటే లైసెన్స్ పరీక్ష, ఎన్‌క్లెక్స్. కొన్ని పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ళ డిగ్రీనే కోరతాయి కానీ, ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో అది పూర్తిచేసుకునే దారి ఉంది. అకౌంటింగ్‌లో నాలాంటి ఎంకామ్‌లు సీపీఏకి (మన సీఏ లాంటి ఇక్కడి లైసెన్సుకి) తక్కువైన క్రెడిట్లు ఇక్కడ నింపుకుంటారు. అయితే ప్రతి రాష్ట్రం బోర్డుకీ దాని లెక్క దానికుంది, రెండేళ్ళ కాలేజీలో తీసుకున్న ప్రతి కోర్సూ ఒప్పుకోదు. చేరకముందే బోర్డు సైటు చూసుకోవాలి. కాలేజీ అడ్వైజర్ మాట ఒక్కటే నమ్మితే నాలాగే ఇంగ్లీష్ కాంపొజిషన్ అనవసరంగా చదువుతారు. పాపం ఆ అబ్బాయికి ఆంధ్రా యూనివర్సిటీ మార్కుల లిస్టు ఎలా చదవాలో తెలీదు. విదేశీ డిగ్రీలని ఇక్కడి లెక్కలోకి మార్చి చెప్పే వెస్ లాంటి చోట డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయించుకుని చేతిలో పట్టుకెళ్ళాలి.

డబ్బు సాయం సంగతి కూడా. హెచ్4 వాళ్ళకి ఫెడరల్ ఎయిడ్ రాదు. గ్రీన్‌కార్డు వచ్చాక ఫాఫ్సా అనే ఆ ఎయిడ్ అప్లికేషన్ పెట్టుకోవచ్చు కానీ, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే పెల్ గ్రాంట్ ఐటీ జీతం ఉన్న ఇంటికి దక్కడం కష్టం. ట్యాక్స్‌లో లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఒకటుంది. కట్టిన ఫీజులో 20 శాతం, గరిష్ఠం 2,000 డాలర్లు, ఒక్క కోర్సుకైనా వర్తిస్తుంది. జంటగా ఫైల్ చేసేవాళ్ళ ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర పోతుంది. 2026 ఆదాయం నుంచి సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఉండాలి, అది లేనివాళ్ళకి ట్యాక్స్ కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ సరిపోదు.

నెమ్మది కూడా మరీ ఎక్కువైతే

మా వీధి చివర ఒక వదిన ఉంది. ఇండియాలో జువాలజీ లెక్చరర్, ఇప్పుడు నర్సింగ్ మీద మనసు. ఈఏడీ ఇంకా రాలేదు, ఐ-140 వేశారు. "ఏడాదికొకటి చొప్పున చదువుకుంటూ పోతా" అంది. నేను వద్దన్నాను. నర్సింగ్‌లో సీటుకి ముందే అనాటమీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ పూర్తిచేయాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. కొన్ని కాలేజీలు ఆ సైన్స్ కోర్సులు ఐదేళ్ళ లోపువే ఒప్పుకుంటాయి. మరీ నిదానిస్తే మొదట చదివింది చివరికి చెల్లకుండా పోతుంది. సీటు వచ్చాక మాత్రం ఈ ఆగి ఆగి చదవడం ఉండదు. క్లినికల్స్ (ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్) రోజుల్లో తెల్లారకముందే ఆసుపత్రిలో ఉండాలి, పిల్లల్ని బస్సెక్కించేది ఇంకొకరు కావాలి.

అందుకే మేమిద్దరం క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాం. విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వస్తే మామూలుగా ఆరు నెలలుంటారు, కాలేజీ సెమిస్టర్ నాలుగు నెలలు. ల్యాబులున్న కష్టమైన కోర్సు ఆ ఆరు నెలల్లో పడాలి, ఇంట్లో కూర్చుని చదివేవి మిగతా రోజుల్లో. అన్నయ్యకి వంట ఎంత వచ్చో కూడా ఆ కాగితం మీదే తేలింది. పప్పు, గుడ్డు, ఉప్మా. ఉప్మా విషయంలో పిల్లలు ఒప్పుకోలేదు.

ఈ ఫాల్ సెమిస్టర్‌లో అనాటమీ మొదటి భాగానికి వదిన పేరు ఇచ్చేసింది. ఆగస్టు రెండో వారంలో వాళ్ళమ్మగారు వస్తున్నారు. తిరుగు టికెట్ ఫిబ్రవరికి.