చిన్నపిల్లలతో వండర్‌లా: కర్నూలు నుంచి వెళ్ళేవాళ్ళ కోసం

కర్నూలులో బడికి పోయే పిల్లలున్న ఇళ్ళలో సెలవులు దగ్గరపడితే వినిపించే పేరు వండర్‌లా, హైదరాబాద్ శివార్లలో నీళ్ళ ఆటలు, రైడ్లు ఉండే పార్కు. క్లాసులో ఎవరో ఒకరు వెళ్ళొచ్చి ఉంటారు, వీడియోలు ఫోన్లో ఉండనే ఉన్నాయి. మా పాప రెండో తరగతి, బాబుకు మూడేళ్ళు. సంక్రాంతి సెలవుల చివర్లో మా అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. పార్కు బాగుంది, డబ్బుకు తగ్గట్టే ఉంది. కానీ ఆ రోజు మా ఇద్దరు పిల్లలకూ ఒకేలా గడవలేదు. అందుకే టికెట్టు కొనేముందు పిల్లలను గోడకు నిలబెట్టి ఎత్తు కొలవమని అందరికీ చెబుతున్నాను.

అక్కడ పిల్లల టికెట్టుకు వయసుతో పని లేదు, ఎత్తే లెక్క. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే ఉచితం. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్టు. ఆపైన పెద్దల టికెట్టు. ఉచితం అనగానే మూడేళ్ళ వాళ్ళకు వర్తిస్తుందేమో అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మూడేళ్ళ మగపిల్లాడి సగటు ఎత్తు 96 సెంటీమీటర్లు. అంటే రెండేళ్ళు దాటిన చాలామంది పిల్లలకు టికెట్టు పడుతుంది. ఇటు 140 రావాలంటే పదేళ్ళు దాటాలి. ప్రతి రైడ్ ముందూ ఎత్తు బోర్డు ఉంటుంది, ఎవరు ఎక్కవచ్చో అదే చెబుతుంది. మూడేళ్ళ పిల్లాడికి టికెట్టు కొంటాం, వాడు ఎక్కగలిగేవి మాత్రం కొన్నే. ఇది పార్కు తప్పేమీ కాదు, పిల్లల క్షేమం కోసం పెట్టిన నియమం. ఆ బోర్డు దగ్గర నిలబడే అబ్బాయిలు ఎంత బతిమాలినా వదలకపోవడం చూసి నాకు ధైర్యంగానే అనిపించింది. కాకపోతే ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది ముందే తెలిసి ఉండాలి.

దారి సంగతి. మనకు ఇది చాలా వీలైన పార్కు, ఎందుకంటే హైదరాబాద్ ఊళ్ళోకి అడుగు పెట్టక్కర్లేదు. తుంగభద్ర దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు దాటుకుంటూ శంషాబాద్ చేరి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. తుక్కుగూడ తర్వాత 13వ ఎగ్జిట్ రావిర్యాల, అక్కడ దిగితే పార్కు దగ్గరే. మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారకముందే బయల్దేరితే పిల్లలు జడ్చర్ల దాకా నిద్రలోనే ఉంటారు. బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన మీద తెల్లవారింది, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని అక్కడే ఫ్లాస్కులో కాఫీ తాగాం. అనంతపురం వాళ్ళు బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న ఇంకో వండర్‌లాకు వెళ్తుంటారు. వాళ్ళు బెంగళూరు దాటి మైసూరు రోడ్డు పట్టాలి, ఆ ట్రాఫిక్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. అయితే బిడదిలో పార్కు వాళ్ళదే రిసార్టు ఉంది, పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది పెద్ద సుఖం.

మేం తినడానికి ఉగ్గాణి, బొంబాయి చట్నీ కట్టుకుపోయాం. బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల ఆహారానికి మాత్రం అడ్డు చెప్పరు. కాబట్టి కట్టుకుపోయింది గేటు బయట కారులోనే తినేయాలి. లోపల తిండి దొరుకుతుంది, దానికోసం పెద్దగా ఆలోచించే పని లేదు.

బట్టల విషయం మాత్రం ఆలోచించాలి. నీళ్ళ రైడ్లకు నైలాన్, పాలిస్టర్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలి, నూలు బట్టలతో దిగనివ్వరు. నూలు తడిస్తే బరువెక్కుతుంది, దారాలు ఫిల్టర్లలో చిక్కుకుంటాయి. ఆడవాళ్ళం చున్నీ లేకుండా, చీర లేకుండా ఎట్లా అని ఇబ్బందిపడాల్సిన పని లేదు. ఒళ్ళంతా కప్పే ఫుల్ సూట్లు బజార్లో దొరుకుతున్నాయి, నేనూ అదే వేసుకున్నాను, చుట్టూ సగంమంది ఆడవాళ్ళు అవే వేసుకున్నారు. అక్కడికి పోయి హడావుడిగా కొనేకంటే కర్నూలులోనే పిల్లలకు కొలత చూసి కొనుక్కోండి. పెద్ద సైజు కొంటే తడిసిన తర్వాత జారిపోయి పిల్లలు నడవలేరు. పసివాళ్ళకు నీళ్ళలో వాడే డైపర్లు వేరుగా ఉంటాయి, మామూలువి ఉబ్బిపోతాయి.

నీళ్ళ దగ్గర మా పాప సంతోషాన్ని ఎంత చెప్పినా తక్కువే. అలల కొలనులో సైరన్ మోగగానే వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని పరిగెత్తేది. అలలు ఆగిన ప్రతిసారీ "ఇంకోసారి" అని అక్కడే నిలబడేది. సముద్రం చూడని పిల్ల. మన రాయలసీమలో ఇంత నీళ్ళలో పిల్లలు ఆడుకోవడం ఎక్కడ చూస్తాం! పాటలు పెట్టి పైనుంచి వాన కురిపించే రెయిన్ డిస్కోలో తల్లీకూతుళ్ళం ఇద్దరం అలిసేదాకా ఎగిరాం. ఏడేళ్ళ పిల్లకు ఇది సరైన చోటు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

బాబు కథ వేరు. చిన్నపిల్లల కొలను మోకాలి లోతే, చిన్న జారుడుబల్లలు ఉన్నాయి, వాడికి నచ్చింది. కానీ జనవరి నీళ్ళు. ఎండ కాస్తున్నా అరగంటకే పెదవులు నీలంగా మారాయి, పళ్ళు టకటకమన్నాయి. చిన్న ఒంట్లోంచి వేడి తొందరగా పోతుంది, ఆటలో పడితే చలి వేస్తోందని వాళ్ళు చెప్పరు. మనమే చూసి బయటికి తీయాలి, ఒళ్ళు తుడిచి పొడి బట్టలు వేయాలి, వెచ్చగా ఏదైనా తాగించాలి. మళ్ళీ దిగుతానంటే మళ్ళీ అదంతా చేయాలి. అందుకే పిల్లాడికి రెండు జతలు, రెండు తువ్వాళ్ళు తప్పనిసరి. ఎండాకాలం వెళ్తే ఈ చలి ఉండదు, దానికి బదులు ఎండ, జనం ఉంటారు. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి నెలల్లో మామూలు పనిదినం మంచిది, నీళ్ళలోకి మాత్రం మధ్యాహ్నం భోజనం అరిగాకే దిగాలి. తెలంగాణ స్కూళ్ళు తెరిచి మన స్కూళ్ళు ఇంకా తెరవని రోజు ఒక్కటి దొరికితే వదులుకోకండి.

అక్క ఎక్కిన ప్రతి రైడ్ దగ్గరా వాడికి కన్నీళ్ళే. "అమ్మా, అక్క పోతాంది, నేను గూడా పోతా" అని చెయ్యి లాగేవాడు. వెనక్కి దూసుకుపోయే రీకాయిల్ కోస్టర్ కింద నిలబడి అరుపులు విని భయపడి, మళ్ళీ అదే కావాలన్నాడు. గుర్రాల రంగులరాట్నం లాంటివి వాడికి సరిపోయాయి, అక్కడ లైను కూడా తక్కువే. ఫాస్ట్‌ట్రాక్ టికెట్టుతో పెద్ద రైడ్లకు లైన్లో నిలబడే బాధ తప్పుతుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. చిన్నపిల్లలుంటే అది దండగ, ఆ డబ్బు దాచుకోండి. అమ్మానాన్నల్లో ఒకరు పెద్ద పిల్లతో, ఒకరు చిన్నవాడితో విడిపోయి తిరగడమే మార్గం. మేం అట్లే చేశాం, మధ్యమధ్యలో మారాం.

మా అత్తమ్మ ఒక చెట్టు కింద కూర్చుని "మీరు పోయి రాండి, నేను ఈ నీడకు కూచుంటా, సంచులు చూసుకుంటా" అంది. నీళ్ళలోకి దిగినా దిగకపోయినా ఆమెకూ టికెట్టు కొనాలి, పెద్దవయసు వాళ్ళకు ధర వేరుగా ఉంటుంది. ఆమె విసుక్కోలేదు గానీ, అంతదూరం వచ్చి రోజంతా సంచుల దగ్గర కూర్చోవడం నాకు మనసు చివుక్కుమనిపించింది. ముసలివాళ్ళు కూడా ఉన్న కుటుంబానికి రామోజీ ఫిల్మ్ సిటీ మేలని నా అభిప్రాయం. అదే ఔటర్ మీద ఇంకాస్త ముందుకు పోయి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు పట్టాలి. అక్కడ బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పి చూపిస్తారు, ఎవరి ఎత్తూ అడ్డం రాదు.

ఇంట్లో ఉన్నది నాలుగేళ్ళ లోపు పిల్లలే అయితే మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగండి. అప్పటిదాకా మనకు ఓర్వకల్లు ఉంది. నంద్యాల రోడ్డులో పాతిక కిలోమీటర్ల దూరం, సాయంత్రం అనుకుంటే సాయంత్రమే పోవచ్చు. రాక్ గార్డెన్‌లో రాళ్ళ మధ్య నడకదారులు, నీటిమడుగు, పడవ. మా బాబు అక్కడ ఏ రాయి ఎక్కుదామా అని ముందు తనే పరిగెత్తాడు, ఎవరూ వద్దనలేదు, మేం మాత్రం వెనకే ఉండి చెయ్యి అందించాం. అత్తమ్మ నీటి ఒడ్డున వాడితో పాటు బొరుగులు తింటూ కూర్చుంది. నీడ తక్కువ కాబట్టి ఎండ తగ్గాకే వెళ్ళాలి. వండర్‌లాలో వాడి ముఖం మీద నేను వెతుక్కున్న సంతోషం అక్కడ వెతక్కుండానే కనిపించింది.

బస విషయం చెప్పాలి. పార్కులో రోజంతా ఆడిన తర్వాత రాత్రి ఆ రహదారి మీద కారు నడపడం వద్దు, నడిపేవాళ్ళు కూడా పిల్లల వెంట తిరిగి అలిసిపోయి ఉంటారు. మేం శంషాబాద్ వైపు ఒక హోటల్లో ఆన్‌లైన్‌లో రూము తీసుకున్నాం. ఫోటోల్లో చూసిన గది వేరు, ఇచ్చిన గది వేరు. రాత్రి వేడినీళ్ళు రాలేదు. తడిసి వచ్చిన పిల్లలకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. వంటగదిలో కాచి బకెట్టు పంపమంటే గంట పట్టింది. అదనపు పరుపుకు బుకింగ్‌లో లేని డబ్బు తీసుకున్నారు. అక్కడ గదులు ఎక్కువ, రేటు ఒక్కటే చూసి ఎంచుకోకండి. బుక్ చేసేముందు హోటల్‌కే ఫోన్ చేసి వేడినీళ్ళు ఎన్ని గంటల దాకా వస్తాయో, పిల్లల పరుపుకు ఎంతో, తడి బట్టలు ఆరేసుకునే బాల్కనీ ఉందో లేదో అడగండి. సరిగ్గా జవాబు చెప్పని చోట రూము తీసుకోవద్దు.