కొబ్బరాకులు అడ్డులేని ఆకాశం

కోనసీమలో ఆకాశం చూడాలంటే ముందు కొబ్బరితోట దాటాలి. ధ్రువనక్షత్రం ఇక్కడ నేలకు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఏ పెరట్లో నిలబడి చూసినా మట్టల వెనకే. ఒక కాలేజీ ఫిజిక్స్ మాస్టారు అంతర్వేది తీరంలో అందరికీ ఉచితంగా నక్షత్రాలు చూపిస్తున్నారని తెలిసి, నాన్నను వెంటబెట్టుకుని బయలుదేరాను. సంక్రాంతి వెళ్ళిన శనివారం, మర్నాడు చొల్లంగి అమావాస్య. చంద్రుడి బెడద లేదు.

కారు ఉన్నవారికి చించినాడ వంతెన దారి సుఖం. మేము ఒకరోజు ముందే నర్సాపురం దాకా బస్సులో వచ్చి, రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగాం. వశిష్ఠ గోదావరి మీద మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు, పండక్కి వచ్చి వెళ్తున్న అల్లుళ్ళు, అందరూ ఒకే పంటు మీద. వంతెన దారి కంటే నాకు ఇదే నచ్చింది.

బస దగ్గర మాత్రం తప్పు నాదే. ఫోనులో బొమ్మలు చూసి శుక్రవారం రాత్రికి నది ఒడ్డున ఒక రిసార్టులో గది తీసుకున్నాను. పరుపు మెత్తన, వేడినీళ్ళు వచ్చాయి, చేపల పులుసుకు వంక పెట్టలేం. కానీ చెట్టుచెట్టుకూ రంగుల దీపాలు. కాసేపు ఆర్పమని అడిగితే, “మిగతా వాళ్ళు ఫోటోలు తీసుకుంటారండీ” అన్నాడు అక్కడి కుర్రవాడు. శనివారం అంతర్వేదిలో ఒక సత్రానికి మారాం. మంచం, ఫ్యాను, బకెట్టు, అంతే. తువ్వాలు, దోమల మందు మనమే తెచ్చుకోవాలి. దీపం ఆర్పితే మాత్రం మెట్ల మీద నుంచే కృత్తికలు కనిపించాయి. రిసార్టులో మూడో వంతు డబ్బుకు ఇంత చీకటి దొరకడం లాభమే.

ఆరున్నరకు అన్న కార్యక్రమం ఏడూ ముప్పావుకు మొదలైంది. సరుగుడు తోపు దాటాక ఇసుకలో రెండు టెలిస్కోపులు. ఒకటి 8 అంగుళాల అద్దం ఉన్నది, రెండోది పిల్లల కోసం చిన్నది. వెనక రొయ్యల చెరువుల దీపాల వల్ల ఉత్తరం వైపు ఆకాశం పాలిపోయి ఉంది. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు సముద్రపు హోరుతో పోటీ పడుతోంది. దక్షిణం వైపు మాత్రం ఒక్క దీపం లేదు.

ముందు శని. వరసలో అరగంట నిలబడి కన్ను పెట్టిన వారందరిదీ ఒకటే ప్రశ్న: “ఉంగరం ఏదండీ?” పుస్తకాల్లో బొమ్మలా లేదు మరి. ముత్యానికి సూది గుచ్చినట్టు సన్నని గీత. మాస్టారు విసుక్కోకుండా ప్రతి ఒక్కరికీ చెప్పారు: శని సూర్యుడి చుట్టూ తిరగడానికి 29 ఏళ్ళు దాటి పడుతుంది, ఆ ప్రయాణంలో రెండుసార్లు వలయాల అంచు మాత్రమే మనవైపు ఉంటుంది, 2025 మార్చిలో అలాగే జరిగింది, ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి. నిరాశపడి వెళ్ళిపోయిన వారిని చూస్తే నాకు జాలి వేసింది. నిండు ఉంగరం చాలా ఏళ్ళు కనిపిస్తుంది, ఈ సూది గీత మళ్ళీ కనిపించడానికి 2038 దాకా ఆగాలి.

గురుడు ఎవరినీ నిరాశపరచలేదు. పునర్వసు దగ్గర దీపంలా వెలుగుతున్నాడు, పక్కన ఒకే గీత మీద నాలుగు చుక్కలు, ఆయన చంద్రులు. గెలీలియో వాటిని మొదట గమనించింది కూడా జనవరిలోనే, 1610లో.

నాన్న ఎన్నో ఏళ్ళు కార్తెలు లెక్కపెట్టి వ్యవసాయం చేశారు. రోహిణి, మృగశిర, ఆర్ద్ర అంటే ఆయనకు ఎండలు, దుక్కి, నాట్లు. ఆ పేర్లున్న చుక్కలనే మాస్టారు లేజరు కిరణంతో వరసగా చూపిస్తుంటే, “ఇదా ఆర్ద్ర! ఎర్రగా ఉందేమిటి?” అన్నారు. పిల్లలకోడి అంటే కృత్తికలేనని మాస్టారికి ఆయన చెప్పారు. మృగశిర కింద ఉన్న మబ్బులాంటి నీహారికను చూడటానికి స్టూలు ఎక్కి, దిగమన్నా దిగలేదు. దాని వెలుగు బయలుదేరి 1,300 ఏళ్ళు దాటిందట. అప్పటికి వేంగిలో చాళుక్యులు ఏలుతున్నారు.

పదిన్నరకు సముద్రం మీద అగస్త్యుడు. ఢిల్లీలో 9 డిగ్రీలకు మించి లేవని ఈ నక్షత్రం ఇక్కడ 21 డిగ్రీల దాకా ఎక్కుతుంది. టెలిస్కోపు అక్కరలేదు. నాకు ఆ రాత్రిలో మిగిలింది అదే.

లోపాలూ ఉన్నాయి. ఆడవారికి మరుగుదొడ్డి లేదు, సత్రం దాకా నడవాల్సిందే. ఎర్ర కాగితం చుట్టిన టార్చిలే వాడమని ఎంత మొత్తుకున్నా ఎవరో ఒకరు ఫోను లైటు వేస్తూనే ఉన్నారు. వేసిన ప్రతిసారీ చీకటికి అలవాటుపడిన కళ్ళు మళ్ళీ మొదటికి. పదకొండు దాటేసరికి మంచు అద్దం మీదికి చేరింది. విద్యార్థి ఒకడు జుట్టు ఆరబెట్టుకునే యంత్రాన్ని బ్యాటరీకి తగిలించి కాసేపు నెట్టుకొచ్చాడు, తర్వాత చేతులెత్తేశాడు.

వెళ్ళాలనుకునేవారు మంకీ క్యాప్, దుప్పటి, ఫ్లాస్కులో టీ తెచ్చుకోండి. తీరంలో ఆ వేళకు ఏ బడ్డీ తెరిచి లేదు. మాఘంలో నరసింహస్వామి కల్యాణం రోజుల్లో మాత్రం వద్దు, సత్రంలో గది కాదు కదా, అరుగు కూడా దొరకదు. ఫాల్గుణం అమావాస్యకు చూసుకోండి. అప్పటికి మంచు కూడా తగ్గుతుంది.