మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా: 2009 సీజన్ మేలా, 2021 సీజన్ మేలా?

మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా అనే టీవీ వంటల పోటీని కొత్తగా చూడాలనుకునేవాళ్లకి మొదట వచ్చే చిక్కు ఏ సీజన్‌తో మొదలుపెట్టాలన్నదే. 2009 నుంచి నడుస్తోంది. ఒక్కో సీజన్ మూడు నెలలు, వారంలో చాలా రోజులు వస్తుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకునేవాళ్లకి అన్నీ చూడటం అయ్యే పని కాదు. నా లెక్కలో అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి 2009లో వచ్చిన మొదటిది, రెండోది 2021లో వచ్చిన పదమూడోది. మధ్యలో వచ్చిన మరో రెండు సీజన్ల గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. విజేత ఎవరో ముందే తెలిస్తే చూడబుద్ధి కాదనుకునేవాళ్లు ఇక్కడ ఆగిపోయి నేరుగా 2021 సీజన్ పెట్టుకోండి. నా ఓటు దానికే.

ఇది హోటళ్లలో పనిచేసిన వంటవాళ్లకి పెట్టిన పోటీ కాదు. ఇంట్లో అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో చూసి నేర్చుకున్నవాళ్లు, పుస్తకాలు చూసి తంటాలు పడి వచ్చినవాళ్లు ఇందులోకి వస్తారు. అందుకే సెట్ ఎంత బాగుంది, ఎపిసోడ్‌లో టెన్షన్ ఎంత ఉంది అన్నవి నాకు ముఖ్యం కావు. ఇంటి వంటకి అక్కడ ఎంత చోటు దక్కిందన్నదే చూస్తాను.

2009 సీజన్ నెట్‌వర్క్ టెన్ అనే ఆస్ట్రేలియా టీవీ ఛానెల్‌లో ఏప్రిల్ 27న మొదలై జూలై 19న ముగిసింది. గ్యారీ మెహిగన్, జార్జ్ కలంబారిస్ అనే ఇద్దరు షెఫ్‌లు, మ్యాట్ ప్రెస్టన్ అనే ఫుడ్ క్రిటిక్ జడ్జీలు. జూలీ గుడ్‌విన్ గెలిచారు. సిడ్నీకి ఉత్తరాన సెంట్రల్ కోస్ట్‌లో ఉంటూ, భర్తతో కలిసి చిన్న కంప్యూటర్ వ్యాపారం నడుపుతూ, ముగ్గురు కొడుకులకి వండిపెట్టే తల్లి ఆవిడ. ఫైనల్లో ఎదురు నిలిచింది పో లింగ్ యో. మలేషియాలో పుట్టి అడిలైడ్‌లో స్థిరపడిన చిత్రకారిణి. పోటీ మధ్యలో ఒకసారి ఎలిమినేట్ అయి, తిరిగి వచ్చి, ఫైనల్ దాకా వెళ్లారు.

ఆ సీజన్‌లో నాకు బాగా నచ్చేది పోటీదారుల తెలియనితనం. వాళ్లకి ముందు ఎవరూ ఆ పోటీలో పాల్గొనలేదు కాబట్టి ఏం వండితే మార్కులు పడతాయో ఎవరికీ లెక్క లేదు. జూలీ ప్లేటు మీద చుక్కలు, గీతలు ఉండవు. ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద పెట్టేట్టే పెడతారు. వంట చేస్తున్నంతసేపూ కంగారు, కౌంటర్ నిండా గిన్నెలు. అయినా రుచి దగ్గర మాత్రం పట్టు వదలరు. ఇంట్లో నలుగురికి రోజూ వండేవాళ్లు ఆవిడలో తమని చూసుకుంటారు. విజేతని ప్రకటించిన ఆ రాత్రి ఆస్ట్రేలియాలో దాదాపు 37 లక్షల మంది చూశారు. మరుసటి ఏడాది రెండో సీజన్ ఫైనల్ వస్తోందని అక్కడి ఎన్నికల్లో పార్టీ నాయకుల టీవీ చర్చనే ముందుకు జరిపారు. అంత పట్టుకి పునాది వేసింది మొదటి సీజనే.

వంట నేర్చుకోవాలనుకునేవాళ్లకి కూడా 2009 సీజనే ఎక్కువ ఉపయోగం. శుక్రవారం పోటీ ఉండదు, మాస్టర్‌క్లాస్ ఉంటుంది. ఆ వారం పోటీదారులు ఎక్కడ తప్పు చేశారో గ్యారీ, జార్జ్ స్వయంగా వండి చూపిస్తారు. మాంసం వేయించాక కాసేపు ఎందుకు కదపకుండా ఉంచాలి, సాస్ ఎందుకు విరిగిపోతుంది, కత్తి ఎలా పట్టుకోవాలి లాంటివి గ్యారీ చెప్పే ఓపిక చూస్తే మంచి మాస్టారు గుర్తొస్తారు. ఏ దేశపు వంట చేసేవాళ్లకైనా పనికొచ్చే పాఠాలివి.

మరి 2021కి ఎందుకు ఓటు?

ఆ సీజన్‌కి వచ్చిన మనుషుల వల్ల, వాళ్లు వండిన తిండి వల్ల. ఏప్రిల్ 19 నుంచి జూలై 13 దాకా నడిచిన ఆ సీజన్లో పెర్త్‌కి చెందిన జస్టిన్ నారాయణ్ గెలిచారు. ఫిజీ భారతీయ మూలాలున్న కుటుంబం, వయసు 27, చర్చిలో యువత కోసం పనిచేసే పాస్టర్. ఇంట్లో తిన్న మసాలా రుచుల్ని టాకోల్లో (మెక్సికో తరహా మడత రొట్టెలు) పెట్టి జడ్జీల ముందుకి తెచ్చారు. ఢిల్లీలో పుట్టిన దీపిందర్ ఛిబ్బర్, శ్రీలంక మూలాలున్న మినోలి డిసిల్వా, వియత్నాం ఇంటి వంటలు చేసిన టామీ ఫామ్ కూడా ఆ సీజన్‌వాళ్లే. 2009లో ఆసియా వంట అంటే ప్రధానంగా పో ఒక్కరే మోయాల్సి వచ్చింది. 2021లో పోపు వేయడం, పచ్చడి నూరడం, చింతపండు పులుపు, ఎండు చేపల వాసన ఆ స్టూడియోలో మామూలు సంగతులైపోయాయి.

అయినా నన్ను పూర్తిగా కట్టిపడేసింది కిష్వర్ చౌధురి. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన బంగ్లాదేశీ కుటుంబం, ఇద్దరు పిల్లల తల్లి. తన పిల్లలకి మిగిలేలా బంగ్లాదేశీ వంటల పుస్తకం రాయాలన్న కోరికతో వచ్చారు. మొదటి వంటే పచ్చిమామిడి పులుసులో చేప, పక్కన భొర్తా (ఉడికించి మెత్తగా మెదిపిన కూర). ఆ తర్వాత ఖిచురీ (కిచిడీ), ఫుచ్కా (పానీపూరీ), చట్‌పటీ (బఠాణీల చాట్) అంటూ ఢాకా వీధుల్నీ ఇళ్లనీ ఆ బల్ల మీదికి తెచ్చారు. ఇక ఫైనల్లో, అందరూ తమకొచ్చిన గొప్ప విద్యంతా చూపించే చోట, ఆవిడ వండింది పంతా భాత్. రాత్రి అన్నంలో నీళ్లు పోసి నానబెట్టి పొద్దున్నే తినేది. ఆ నీటికి పొగ వాసన పట్టించి, ఆలూ భొర్తా, వేయించిన సార్డిన్ చేపతో పెట్టారు. రెస్టారెంట్లలో కనపడని తిండి ఇది అని జడ్జీలకి చెప్పి మరీ పెట్టారు.

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవకాయ నంజుకుని చద్దన్నం తిన్నవాళ్లెవరికైనా ఆ ఎపిసోడ్ చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. మన ఇళ్లలో చుట్టాలు వస్తే దాచేసే గిన్నె అది. పొలానికి వెళ్లేవాళ్ల తిండి, పేదల తిండి అని బల్ల మీదికి రానివ్వం. దాన్ని ఆవిడ ఫైన్ డైనింగ్ పేరుతో మార్చేయకుండా, దాని పేరు దానికే ఉంచి, లక్షల మంది చూసే పోటీ చివరి రోజుల్లో పెట్టారు. జడ్జీలు మనసారా మెచ్చుకున్నారు. 2009 సీజన్లో ఇలాంటి క్షణం లేదు. ఉండే అవకాశమూ లేదు. దారి వేయడం పో మొదలుపెట్టారు, ఆ దారిలో ఇంత దూరం రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఇక్కడ జడ్జీల మార్పు కూడా లెక్కలోకి తీసుకోవాలి. జాక్ జాన్‌ఫ్రిల్లో, మెలిస్సా లియాంగ్, ఆండీ అలెన్ 2021 సీజన్ జడ్జీలు. ఆండీ 2012 సీజన్ విజేత, అంతకు ముందు ఎలక్ట్రీషియన్. ఆ కౌంటర్ వెనక నిలబడితే చేతులు ఎలా వణుకుతాయో ఆయనకి తెలుసు. మెలిస్సా సింగపూర్ చైనీస్ కుటుంబం నుంచి వచ్చిన ఫుడ్ రచయిత్రి. పులిసిన రుచుల గురించి, చేదు గురించి మాట్లాడేటప్పుడు బయటనుంచి చూసి ఆశ్చర్యపోయేవాళ్లలా ఉండరు, తిని పెరిగిన మనిషిలా మాట్లాడతారు. మొదటి సీజన్ ముగ్గురూ మంచి టీచర్లే. ఆసియా ఇంటి వంటని అర్థం చేసుకోవడంలో మాత్రం మెలిస్సాకి సాటి లేరు.

రెండు సీజన్లలోనూ నాకు నచ్చనిది ఒకటుంది: ఫైనల్ తేల్చే పద్ధతి. 2009లో చివరి రౌండ్ మ్యాట్ మోరన్ అనే పెద్ద షెఫ్ చేసే చాక్లెట్ డెసర్ట్‌ని అచ్చంగా అలాగే చేయడం. 2021లో సిడ్నీ క్వే రెస్టారెంట్ షెఫ్ పీటర్ గిల్మోర్ వంటల్ని అలాగే దించడం. మూడు నెలలు నీ ఇంటి వంట చూపించు అని అడిగి, చివరి రోజు వేరొకరి రెసిపీ కాగితం చేతికిచ్చి గ్రాముల లెక్కన తూచడం ఏం న్యాయం? 2021లో జస్టిన్‌కి 125, పీట్ క్యాంప్‌బెల్‌కి 124, కిష్వర్‌కి 114 వచ్చాయి. ఒక్క పాయింటుతో 2,50,000 డాలర్లు చేతులు మారాయి. జస్టిన్ అర్హుడే, అందులో సందేహం లేదు. కానీ ఆఖరి వంట కూడా ఎవరిది వాళ్లు వండి ఉంటే చూడాలని నాకు ఇప్పటికీ ఉంది. 2009లో ప్రైజ్ 1,00,000 డాలర్లు, దాంతో పాటు వంటల పుస్తకం అచ్చు వేసే అవకాశం. ఆ పుస్తకం విషయంలో 2009 ప్రైజే ఇంటి వంటకి దగ్గరగా ఉందనిపిస్తుంది.

మిగతా రెండు సీజన్ల మాట. 2018లో సింగపూర్ తమిళ కుటుంబానికి చెందిన శశి చెల్లయ్య గెలిచారు. అడిలైడ్‌లో జైలు అధికారిగా పనిచేసేవారు. ఫైనల్లో 100కి 93 మార్కులు. సంబల్ (ఎర్ర మిరప పచ్చడి), రొయ్యలు, కరివేపాకు ఘుమఘుమలు కావాలంటే ఇది తప్పక చూడండి, 2021 తర్వాత నా రెండో ఎంపిక కూడా ఇదే కావచ్చు. 2020ది పాత పోటీదారులు తిరిగి వచ్చిన సీజన్. ఎమీలియా జాక్సన్ గెలిచారు, పో కూడా ఉన్నారు. వంట స్థాయి అన్నింటికంటే ఎక్కువ. కానీ వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే ఈ రంగంలోనే బతుకుతున్నారు. ఇంటి వంటవాళ్ల పోటీగా దాన్ని లెక్కలోకి తీసుకోలేను.

ఇంట్లో కొత్తగా వంట మొదలుపెట్టిన పిల్లలుంటే వాళ్లతో కలిసి 2009 చూడండి, శుక్రవారం ఎపిసోడ్లు అసలు వదలకండి. పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా వండుతూ, తన వంటలో చెప్పుకోదగ్గదేమీ లేదనుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆవిడ పక్కన కూర్చుని 2021 పెట్టండి. పన్నెండు వారాలూ చూసే తీరిక లేకపోతే మొదటి ఆడిషన్లు, చివరి రెండు వారాలు చాలు.