ఎస్‌జీ ఎర్ర బంతి: పేసర్ చేతిలో 80 ఓవర్లు

మన దేశంలో టెస్టులు ఆడేది మీరట్‌లో తయారయ్యే ఎస్‌జీ బంతితోనే. అది స్పిన్నర్ల బంతి అన్న పేరు పడిపోయింది గానీ, ఆ మాట సగమే నిజం. పేసర్‌కూ ఇందులో కావలసినంత సరుకుంది. ఎప్పుడు ఏం రాబట్టుకోవాలో తెలిసుండాలి, అంతే.

కొత్త బంతి పట్టుకోగానే ముందు వేళ్లకు తగిలేది సీమ్, అంటే బంతి చుట్టూ ఉండే కుట్టు. ఆరు వరసలూ చేత్తో కుట్టినవే. దారం లావు, వరసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. గోరు పెట్టి లాగితే గరగరమంటుంది. ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రా బంతికి బయటి వరసలు యంత్రం కుట్టేవి కాబట్టి, 20 ఓవర్లు దాటేసరికి సీమ్ అణిగిపోతుంది. ఎస్‌జీ సీమ్ 60వ ఓవర్లో కూడా వేలికి తెలుస్తుంది. ఈ బంతికి ఉన్న అసలు బలం ఇదే.

వెనకబడేది మెరుపులో. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతి రుద్దేకొద్దీ నిగనిగలాడుతుంది, అక్కడి పచ్చిక దాన్ని కాపాడుతుంది కూడా. ఎస్‌జీ పైపూత మన ఎండు పిచ్‌ల మీద త్వరగా గీరుకుపోతుంది. 2018లో వెస్టిండీస్‌తో హైదరాబాద్ టెస్టుకు ముందు, ఐదు ఓవర్లకే బంతి పాడవుతోందని కోహ్లి బాహాటంగానే అన్నాడు. అదే టెస్టులో ఉమేశ్ యాదవ్ 10 వికెట్లు తీశాడు.

అందుకే మొదటి పది పన్నెండు ఓవర్లు వృథా చేయకూడదు. సీమ్ నిటారుగా పెట్టి, బ్యాటర్ ముందుకొచ్చి ఆడక తప్పని లెంగ్త్‌లో, ఆఫ్ స్టంప్ పైభాగం మీదికి వేయాలి. చాలామంది కొత్త బంతిని షార్ట్‌గా కొట్టి ఉన్న కాస్త స్వింగ్‌నీ పోగొట్టుకుంటారు. స్వింగ్ ఆగిందంటే వాబుల్ సీమ్‌కు మారిపోవాలి: సీమ్‌కు అటూ ఇటూ వేళ్లు కాస్త ఎడం చేసి పట్టుకుంటే బంతి ఊగుతూ వెళ్లి, సీమ్ అంచు మీద పడ్డప్పుడు ఏదో ఒక వైపు తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో వేసినవాడికే తెలియదు, ఇక బ్యాటర్‌కేం తెలుస్తుంది! లావు దారం ఇక్కడ బాగా పనికొస్తుంది.

25 నుంచి 45 ఓవర్ల మధ్య మాత్రం కష్టకాలం. బంతి మెత్తబడుతుంది, బౌన్సర్ నిలబడి కొట్టించుకుంటుంది. రెండో స్లిప్‌ను తీసి షార్ట్ మిడ్‌వికెట్లో పెట్టి, పరుగులు బిగించడమే మార్గం.

ఈలోగా రివర్స్ స్వింగ్‌కు, అంటే పాతబడ్డ బంతి మామూలు స్వింగ్‌కు ఎదురు దిశలో తిరగడానికి, సిద్ధం చేసుకోవాలి. తక్కువ దెబ్బతిన్న వైపునే ఎంచుకుని రుద్దాలి, రెండో వైపు పొడిగా వదిలేయాలి. ఉమ్మి నిషేధం కాబట్టి చెమటే దిక్కు. ఇక్కడే ఎక్కువ జట్లు చెడగొడతాయి: తడిచేతుల వాళ్లంతా బంతి పట్టుకోవడంతో గరుకు వైపు కూడా చెమ్మగిల్లుతుంది. రుద్దే పని ఒకరిద్దరికే అప్పగించాలి, మిగతావాళ్లు సీమ్ పట్టుకునే విసరాలి. ఇదంతా కుదిరితే ఎలా ఉంటుందో 2024 ఫిబ్రవరిలో విశాఖలో చూశాం. బుమ్రా వేసిన ఇన్‌స్వింగింగ్ యార్కర్‌కు ఓలీ పోప్ స్టంప్స్ లేచిపోయాయి. బుమ్రా 6/45, ఇంగ్లండ్ 56 ఓవర్లలోపే 253కు ఆలౌట్.

లీగుల కోసం కొనేవాళ్లకు ఒక మాట. ఎస్‌జీ పేరున్న ప్రతి ఎర్ర బంతీ టెస్ట్ బంతి కాదు. చవక రకాల్లో తోలు రెండు ముక్కలే, టెస్ట్ రకంలో నాలుగు. బరువు 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి, వంటింటి డిజిటల్ కాటా చాలు. నున్నటి బల్ల మీద దొర్లించి చూడండి, పక్కకు లాగితే తీసుకోవద్దు.

80 ఓవర్లయ్యాయి కదా అని వెంటనే కొత్త బంతి అడగనక్కర్లేదు. పాతది కదులుతుంటే అదే ఉంచుకోవాలి. ఇంగ్లండ్‌తో 2025 ఓవల్ టెస్టు చివరి రోజు చేతిలో ఉన్నది డ్యూక్స్, పైన మబ్బు. భారత కెప్టెన్ గిల్ కొత్త బంతి తీసుకోలేదు. 86వ ఓవర్ తొలి బంతికి సిరాజ్ యార్కర్‌తో అట్కిన్‌సన్‌ను బౌల్డ్ చేశాడు. 6 పరుగుల తేడాతో భారత్ గెలిచింది.